కిరసనాయిలు చెట్టు

నూజివీడు,
12 ఫిబ్రవరి, 1984.

చి. భానుమూర్తికి,

పూత తప్ప ఇక్కడ అంతా క్షేమం. హైదరాబాదులో నువ్వు వేళకి తింటున్నావనే అనుకుంటున్నాను. అనుకోవడానికి ఖర్చేముంది.

ఈ ఏడు తోటల మీద తేనెమంచు పురుగు విరుచుకుపడింది. బియ్యపు గింజంత ఉంటుంది. పూత కాడల్లో దూరి రసం పీల్చేస్తుంది, పీల్చిందంతా జిగురుగా ఆకుల మీద వదులుతుంది. చెట్టు కింద నిలబడితే తుంపర పడుతున్నట్టు టపటపమని చప్పుడు. ఆ జిగురు మీద మసి పట్టి చెట్లన్నీ వంటింటి చూరులా నల్లబడ్డాయి. మీ బావ పూత మీద కొన్న తోటలన్నిటిలోనూ ఇదే వరస. మందు కొట్టించారు. పురుగు పక్క తోటకి చుట్టపుచూపుగా వెళ్ళి, మందు వాసన పోయాక తిరిగొచ్చింది.

ఒక్క వింత ఉంది. రెడ్డిగూడెంలో మన సొంత తోటలో బావి పక్కన, కాయ కిరసనాయిలు కంపు కొడుతుందని కిరసనాయిలు చెట్టని పేరుపడ్డ మామిడి నీకు గుర్తుండే ఉంటుంది. అమ్మ పోయి నువ్వు మా ఇంటికి వచ్చిన మొదటి వేసవిలోనే దాని కాయ కొరికి, నాలుక బయట పెట్టి నా కొంగుతో తుడుచుకున్నావు. ఆ చెట్టు మీద పురుగు లేదు. పక్క చెట్టు కొమ్మ దీని కొమ్మని రాసుకుంటోంది, ఆ కొమ్మంతా పురుగే. ఇటు మాత్రం రాదు. దాని కాయ మనిషి తినడు, కాకి తినదు, చివరికి పురుగు కూడా ముట్టదని తేలింది.

మీ బావ దీనికి సంతోషించలేదు. "మిగిలిన పూత మంచి చెట్టుకి మిగలకూడదా?" అన్నారు. కోతలయ్యాక దాన్ని కొట్టించి మామిడికాయల పెట్టెలు చేయిస్తారట. వడ్రంగి మల్లయ్యకి మాట కూడా ఇచ్చారు. పెట్టె అయ్యాకైనా మంచి కాయని మోస్తుందని ఆయన ఉద్దేశం.

కొట్లో గల్లాపెట్టె పక్కన నీ కుర్చీ ఖాళీగానే ఉందని రాయమన్నారు. రాశాను. ఎప్పుడొస్తావని మాత్రం నేనే అడుగుతున్నాను.

అక్క,
జ్ఞానప్రసూనాంబ.


హైదరాబాదు,
25 ఫిబ్రవరి, 1984.

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. నా గురించి రాసిన భాగం కాదు, చెట్టు గురించి రాసింది.

ఆ చెట్టుని దయచేసి కొట్టించవద్దు. బావగారికి ఎలా చెబుతావో నీ ఇష్టం. చెట్టు పారిపోలేదు, చేత్తో తోలుకోలేదు. అందుకని పురుగుకి పడని రసాయనాలు ఒంట్లోనే తయారు చేసి పెట్టుకుంటుంది. కొన్ని చేదు, కొన్ని వగరు, కొన్ని ఘాటు. ఆ కాయలో నువ్వు కిరసనాయిలు అంటున్నది టర్పెంటైను జాతి తైలం అయివుంటుంది. అలాంటిది ఏ చెట్టులో ఎంత ఉందో తెలిస్తే, మందు కొట్టనక్కరలేని మామిడి రకాలు తయారు చెయ్యవచ్చు. మా ప్రాజెక్టు పనే అది. పని అయితే ఉంది గాని ఇంతవరకు చెట్టు లేదు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. మా ప్రాజెక్టు డిసెంబరుతో అయిపోతుంది. దానితో నా ఉద్యోగమూ పోతుంది. పొడిగించాలంటే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. ఇప్పటికి నా దగ్గర ఉన్నవి నేను పెంచుతున్న పురుగులు మాత్రమే. అవి ఆరోగ్యంగా ఉన్నాయి.

నాకు రెండు డబ్బాలు పంపు. పూత దారిలో కుళ్ళిపోతుంది, కాబట్టి ఆకు చాలు. నీడన ఆరబెట్టి, మెత్తగా దంచి పంపాలి. ఒకటి కిరసనాయిలు చెట్టుది. అది చాలా విలువైనది, జాగ్రత్త. రెండోది మామూలు చెట్టుది, పోల్చి చూడటానికి. అది ఏ చెట్టుదైనా ఫరవాలేదు.

నేనే రావలసింది. లీవు లేదు.

భాను.


నూజివీడు,
20 మార్చి, 1984.

చి. భానుకి,

రెండు డబ్బాలూ గుడ్డ చుట్టి కుట్టి, లక్క వేసి పంపాను. తోట కాపలా చిన్నరాయప్ప చేత లేతా ముదురూ కాని ఆకు కోయించాను. పైన పాత పంచె కప్పి నీడనే ఆరబెట్టాను. దంచింది నేనే. నేను రోట్లో మామిడాకు దంచుతుంటే పక్కింటి సుబ్బరత్నమ్మ గారు వచ్చి, "ఏంటండీ, కొత్త పచ్చడా?" అన్నారు. "మా తమ్ముడికండీ" అన్నాను. "అయ్యో పాపం, హైదరాబాదులో ఏమీ దొరకవా?" అని నీ మీద జాలిపడి వెళ్ళారు.

డాల్డా డబ్బాలోది కిరసనాయిలు చెట్టుది. విలువైనదన్నావు గనక మన ఇంట్లో విలువైన సరుకుకి చేసేవన్నీ దానికి చేశాను. బిస్కెట్ల డబ్బాలోది మామూలు చెట్టుది. దాన్ని దంచి పోశానంతే. పనికిమాలినదానికి అంత శ్రమ ఎందుకు.

చెట్టు కొట్టవద్దని మీ బావకి చెప్పాను. "ఎందుకు?" అన్నారు. "భాను చూస్తాడట" అన్నాను. "చూడ్డానికి రమ్మను, కొట్లోంచి కూడా కనిపిస్తుంది" అన్నారు. కనిపించదు. రెడ్డిగూడెం ఎక్కడ, కొట్టు ఎక్కడ. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు.

డిసెంబరు సంగతి మీ బావకి చెప్పలేదు. చెబితే కుర్చీకి కొత్త నవారు అల్లిస్తారు.

అక్క.


హైదరాబాదు,
10 జూన్, 1984.

అక్కా,

ముందు కూర్చో. కూర్చున్నాక చదువు.

డాల్డా డబ్బా మూత తీయగానే మన ఇంటి వాసన గుప్పుమంది. హాస్టల్లో ఉండగా నువ్వు పంపే కందిపొడి డబ్బాలు గుర్తొచ్చి, ఏ పనీ చెయ్యకుండా కాసేపు అలాగే కూర్చున్నాను. తరువాత తూచాను.

తేనెమంచు పురుగు హైదరాబాదులో నా చేతికి దొరకదు గనక పొగాకు లద్దె పురుగు మీద పరీక్ష చేశాను. అది పొగాకునే నమిలి తినే జీవి, దానికి అరగనిదంటూ లేదు. ఆముదపాకంటే మరీ ప్రాణం. నీ పొడిని ఆల్కహాలులో నానబెట్టి, వడకట్టి, ఆ సారం ఆముదపాకు ముక్కలకి పూసి పురుగుల ముందు పెట్టాను. మామూలు చెట్టు సారం పూసిన ముక్కల్ని ఈనెలు మిగిల్చి తినేశాయి. కిరసనాయిలు చెట్టు సారం పూసిన ముక్కల్ని ఒక్కసారి మూతి పెట్టి చూసి వదిలేశాయి. తరువాత గిన్నె గోడ ఎక్కి, మూతకి అతుక్కుని, అక్కడే పస్తున్నాయి. తినడం కంటే చావడం మేలనుకుని చచ్చిపోయాయి కూడా. మళ్ళీ చేశాను. మళ్ళీ చచ్చిపోయాయి. నాకు ఇంత ఆనందం ఎప్పుడూ కలగలేదు.

మా పెద్దాయన డాక్టర్ నారాయణరావు గారు ఎవరినీ మెచ్చుకోరు. ఆయన వచ్చి భుజం తట్టారు. ఎవరి భుజం తడుతున్నారోనని నేను వెనక్కి తిరిగి చూశాను. సెప్టెంబరులో బెంగుళూరు సభలో ఈ సంగతి నన్నే చదవమన్నారు. ప్రాజెక్టుని ఇంకో మూడేళ్ళు పొడిగించమని ఢిల్లీకి రాశారు.

పొడి అయిపోయింది. ఇంకా కావాలి, సరిగ్గా అలాగే చేసి పంపు. బావగారికి నా నమస్కారాలు చెప్పు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనే మాట ఈ ఒక్క చెట్టు విషయంలో తప్పని కూడా చెప్పు.

భాను.


నూజివీడు,
5 జులై, 1984.

చి. భానుకి,

కూర్చునే చదివాను. పురుగులు చచ్చినందుకు చాలా సంతోషం.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించడం నా పొరపాటు. ఆ ఉత్తరాన్ని ఆయన జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. సరుకు కోసం వచ్చిన ప్రతివాడికీ చెట్టు సంగతి చెప్పి తరువాతే ధర చెబుతున్నారు. హనుమాన్ జంక్షన్‌లో లారీ ఆఫీసు వాళ్ళకీ, ఉంగుటూరు చుట్టాలకీ కూడా చెప్పారు. చెట్టు చుట్టూ ముళ్ళకంచె వేయించి, "పరిశోధన చెట్టు, ముట్టుకోరాదు" అని బోర్డు రాయించారు. ఎవరో బోర్డు చూసి చెట్టు మొదలుకి పసుపు కుంకుమ పెట్టి వెళ్ళారు. మీ బావ కోప్పడి, "ఇది సైన్సురా, దేవుడు కాదు" అని కడిగించారు. కంచె లోపలికి వెళ్ళేటప్పుడు మాత్రం ఆయనే చెప్పులు విడుస్తున్నారు.

మల్లయ్య రంపం పట్టుకుని ఒకసారి వచ్చాడు. "ఏ చెట్టురా? ఆ చెట్టా? నీకేమైనా మతి పోయిందా?" అని మీ బావే తిట్టి పంపించారు. మాట ఇచ్చింది తానేనన్న సంగతి ఆయనకి గుర్తు లేదు. నేను గుర్తు చెయ్యలేదు.

నా పొడి అంత బాగా పనిచేసిందంటే నాకూ గర్వంగానే ఉంది. మళ్ళీ పంపేటప్పుడు వేపాకు ఇంకో గుప్పెడు ఎక్కువ వెయ్యనా, ఆ మాత్రం సరిపోయిందా? వానాకాలం, దారిలో పురుగు పడుతుందేమోనని అడుగుతున్నాను.

ఎప్పుడొస్తావు?

అక్క.


హైదరాబాదు,
11 జులై, 1984.

అక్కా,

ఏ వేపాకు?

భాను.


నూజివీడు,
17 జులై, 1984.

చి. భానుకి,

కార్డు మీద రెండే మాటలు రాశావు. పోస్ట్‌మాన్ కూడా చదివి, "ఏమైందండీ మీ తమ్ముడుగారికి?" అని అడిగాడు.

వేపాకు వేపాకే. దొడ్లో చెట్టుది. మన ఇంట్లో ఏ పప్పు డబ్బా, ఏ పొడి డబ్బా వేపాకు లేకుండా ఉంది చెప్పు. నీ హాస్టలుకి పంపినవన్నీ అలా పంపినవే. మామూలుగా అడుగునా పైనా రెండు రెమ్మలు పడేస్తాను. నువ్వు చాలా విలువైనదన్నావు గనక, రెమ్మలు చాలవని, ఎండిన వేపాకు కలిపే దంచాను. పొడి పొడిలో కలిసిపోతే ఏ మూలా పురుగు పట్టదు గదా.

రెండో డబ్బాలో వెయ్యలేదు. అది ఏ చెట్టుదైనా ఫరవాలేదన్నావు. నాసి సరుకుకి ఎవరైనా వేపాకు వేస్తారా?

తప్పేమైనా జరిగిందా? వెంటనే రాయి. నాకు అన్నం సహించడం లేదు.

అక్క.


హైదరాబాదు,
30 జులై, 1984.

అక్కా,

నీ తప్పు ఏమీ లేదు. ముందు అన్నం తిను.

వేపాకు పురుగుని ఆపుతుందని లోకమంతా ఎరుగును. అది కనిపెట్టడానికి ఎం.ఎస్సీ. అక్కర్లేదు, ఒక అక్క ఉంటే చాలు. నేను ఇన్నాళ్ళూ పరీక్ష చేసింది కిరసనాయిలు చెట్టుని కాదు, మన దొడ్లో వేపచెట్టుని. పోలికకి తెప్పించిన డబ్బాలో వేప లేదు, కాబట్టి తేడా కళ్ళకి కట్టినట్టు కనిపించింది. శత్రువు చెయ్యాలన్నా ఇంత పద్ధతిగా చెయ్యలేడు.

వాసన పసిగట్టలేదా అని ఎవరైనా అడుగుతారు. నన్ను నేను అడిగాను. పసిగట్టాను. మన ఇంటి వాసన అనుకున్నాను. నువ్వు పంపిన కందిపొడి, సున్నిపిండి, ఆఖరికి ఉతికి పంపిన దుప్పటి, అన్నిటికీ అదే వాసన. అది వేపాకుదని నాకు ఇప్పటిదాకా తట్టలేదు.

ఈ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. పొడి అయిపోయింది, ఎవరైనా అడిగినా చూపించడానికి లేదు. బెంగుళూరులో నా పేరు అచ్చయిపోయింది. చెప్పకపోతే మూడేళ్ళు ఉద్యోగం. చెబితే డిసెంబరుతో ఆఖరు. చెప్పనా, మాననా? నాకు నిద్ర పట్టడం లేదు. పురుగులు మాత్రం ఆముదపాకు తిని హాయిగా ఉన్నాయి.

భాను.


నూజివీడు,
8 ఆగస్టు, 1984.

చి. భానుకి,

నువ్వు అడిగిన మాట కొట్లో నిలబడి అడిగితే మీ బావ వేలెత్తి బోర్డు చూపించేవారు. "మా సరుకులో కల్తీ చూపినవారికి సరుకు ఉచితం." మామగారి నాటి బోర్డు. ఇంతవరకు ఎవరూ ఉచితంగా పట్టుకుపోలేదు. ఆ కొట్టు నుంచి బయటికి పోయిన ఒక్క కల్తీ సరుకూ నా చేత్తో కలిపిందే, అదీ నీకే పంపాను.

మీ బావకి చెప్పాను. డిసెంబరు సంగతి కూడా చెప్పాను. ఆయన చాలాసేపు బోర్డు వంక చూసి, "పైకి కనపడకుండా బాగా కలిసిందా?" అని అడిగారు. బాగా కలిసిందన్నాను.

నువ్వు వెళ్ళి మీ పెద్దాయనకి చెప్పెయ్యి. నీ ఉద్యోగం పోతుందని నాకు భయంగానే ఉంది. చెప్పకుండా ఊరుకుంటావేమోనని అంతకంటే భయంగా ఉంది. ఆయన ఏమన్నా పడు. నా వల్ల పడుతున్నానని అనుకో, తప్పులేదు.

ఒక్క మాట మాత్రం ఆయనకి చెప్పు. నేను వేపాకు వేసింది డబ్బాలో. చెట్టుకి కాదు. చెట్టు మీద పురుగు లేకపోవడం నేను కళ్ళారా చూశాను. అది దంచకముందు సంగతి.

అక్క.


హైదరాబాదు,
26 ఆగస్టు, 1984.

అక్కా,

చెప్పేశాను.

నారాయణరావు గారు కళ్ళజోడు తీసి తుడిచారు. పెట్టుకున్నారు. మళ్ళీ తీసి తుడిచారు. బెంగుళూరుకి ట్రంకాల్ చేసి నా పేరు తీయించారు. ఢిల్లీకి రాసిన ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంటున్నామని ఇంకో ఉత్తరం రాయించారు. టైపిస్టు లీవులో ఉన్నందువల్ల అది నేనే టైపు చేశాను. తప్పులు లేకుండా వచ్చింది. టీ తెప్పించుకున్నారు. ఒక్కటే.

నీ మాట చెప్పాను. డబ్బాలో వేసింది గాని చెట్టుకి వెయ్యలేదని. ఆయన టీ మొత్తం తాగారు. తరువాత అన్నారు: "ఇంకొక్కసారి తెప్పించండి. డబ్బాలు సీలు తీయకుండా నా బీరువాలో పెట్టండి. నేను టూర్లు ముగించుకొచ్చి డిసెంబరులో నా చేత్తో తెరుస్తాను. ఏమీ లేకపోతే మీరు రాజీనామా కూడా రాయనక్కరలేదు, ప్రాజెక్టే ఉండదు. ఒక్కటి మాత్రం ఇంటికి రాయండి. ఈసారి ఎవరూ ప్రేమతో ఏమీ చెయ్యవద్దని."

రాస్తున్నాను. రెండు డబ్బాలకీ ఒకే రకంగా చెయ్యి. ఏమీ కలపకు. రెమ్మ కూడా వద్దు. కొత్త డబ్బాలు వాడు, రోలు కడిగి ఎండబెట్టు.

భాను.


నూజివీడు,
12 సెప్టెంబరు, 1984.

చి. భానుకి,

రెండు డబ్బాలూ పంపాను. రెండూ కొత్త డబ్బాలే. మీ బావ షాపులోంచి కొత్త డాల్డా డబ్బాలు తెచ్చి, లోపలి సరుకు సుబ్బరత్నమ్మ గారికి ఇచ్చేశారు. ఆవిడకి మన పరిశోధన మీద గౌరవం పెరిగింది. రోలు కడిగి ఎండబెట్టి, మామూలు చెట్టుది ముందు, దీనిది తరువాత దంచాను. మధ్యలో మళ్ళీ కడిగాను.

ఏమీ వెయ్యలేదు. అలవాటు కొద్దీ చెయ్యి వేపరెమ్మ దాకా పోయింది. వెనక్కి తీసుకున్నాను. మూత పెడుతుంటే పసిపిల్లవాణ్ణి చొక్కా లేకుండా బడికి పంపుతున్నట్టు అనిపించింది. పురుగు పట్టే డబ్బా తెలిసి తెలిసి ఇంతవరకు నా చేతి నుంచి బయటికి పోలేదు. ఇది పోతోంది.

మల్లయ్యకి ఎవరు చెప్పారో గాని చెట్టులో ఏమీ లేదని తెలిసింది. మళ్ళీ రంపంతో వచ్చాడు. ఊళ్ళో వాళ్ళు నలుగురు కూడా వచ్చారు, వినోదం చూద్దామని. మీ బావ వాళ్ళ ఎదుట, "పరిశోధన జరుగుతోంది. జరిగేటప్పుడు చెట్టు కొడతారా ఎక్కడైనా?" అన్నారు. చెట్టు కొట్టిస్తే తను చెప్పిందంతా అబద్ధమని ఒప్పుకున్నట్టవుతుందని ఆయన బాధ. పురుగు నుంచి ఎలా బతికిందో తెలియదు గాని రంపం నుంచి మాత్రం మీ బావ పరువు వల్లే బతికింది.

అక్క.


హైదరాబాదు,
20 అక్టోబరు, 1984.

అక్కా,

డబ్బాలు బీరువాలో ఉన్నాయి. తాళం నారాయణరావు గారి జేబులో ఉంది. ఆయన టూర్లో ఉన్నారు. నేను రోజూ బీరువా ముందు నుంచి ల్యాబుకి వెళ్ళి, బీరువా ముందు నుంచే తిరిగొస్తున్నాను.

పని లేనప్పుడు నిజాలు రాయాలనిపిస్తుంది. నేను రాకపోవడానికి లీవు కారణం కాదు. వస్తే బావగారు గల్లాపెట్టె పక్కన కూర్చోమంటారు. పెంచిన మనిషి మాట కాదనలేను. ఒక పూట కూర్చుంటే లేవలేనని భయం. వెనక ఒక వేసవిలో కూర్చున్నాను గదా. మామిడిపండు పులుపు ఎందుకుంటుందని ఒకాయన ఊరికే అంటే, ఆమ్లాల గురించి వివరంగా చెప్పాను. ఆయన కొనకుండా వెళ్ళిపోయాడు. బావగారు ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇంట్లో ఉన్న చెట్టుని చూడటానికి పోస్టులో ఆకు తెప్పించుకున్నాను. ఫిబ్రవరిలోనే వచ్చి చెట్టు కింద నిలబడి ఉంటే ఈ వేపాకు గొడవే ఉండేది కాదు. ఇది మాత్రం ఎవరూ కలపలేదు, నేనే కలుపుకున్నాను.

ఇది బావగారికి చదివి వినిపించకు.

భాను.


నూజివీడు,
4 నవంబరు, 1984.

చి. భానుకి,

చదివి వినిపించలేదు. ఆయనే తీసి చదువుకున్నారు. నీ ఉత్తరాలు ఇప్పుడు పోస్ట్‌మాన్ నేరుగా కొట్లోనే ఇస్తున్నాడు.

చదివి మడిచి నాకిచ్చారు. "ఆ పులుపు బేరం నాకు గుర్తే లేదు" అన్నారు. అబద్ధం. ఇప్పటికీ ఆ మనిషి వీధిలో కనబడితే నీ గురించి అడుగుతారు.

మర్నాడు కొట్టుకి భోజనం కేరేజీ పంపితే, తీసుకెళ్ళిన మనిషి వచ్చి, "అమ్మగారండీ, అయ్యగారి పక్కన కుర్చీ లేదండీ" అన్నాడు. వెళ్ళి చూశాను. నీ కుర్చీ ఉండే చోట కందిపప్పు బస్తా ఉంది. "కుర్చీ ఏది?" అన్నాను. "రెడ్డిగూడెం పంపించాను" అన్నారు. "ఎందుకు?" అన్నాను. "చెట్టు దగ్గర వేయించాను. పరిశోధన చేసేవాడు నేల మీద కూర్చుంటాడా?" అన్నారు. అని, కొట్లోకి ఎవరూ రాకపోయినా లేచి ఎదురెళ్ళారు.

నేను ఇంటికొచ్చి ఏడ్చాను. ఎందుకో నాకు తెలుసు, నీకు రాయను.

డబ్బాలు తెరిచాక ఏది తేలినా రాయి. ఏమీ లేదని తేలితే ఉద్యోగం పోతుందంతే, నువ్వు పోవు. కొత్త నవారు మాత్రం నిజంగానే అల్లించారు.

అక్క.


హైదరాబాదు,
23 డిసెంబరు, 1984.

అక్కా,

పోయిన సోమవారం డబ్బాలు తెరిచారు.

నారాయణరావు గారు బల్ల మీద తెల్ల కాగితం పరిచి, నీ కుట్లు తానే విప్పారు. ముందు మామూలు చెట్టుది తెరిచారు. పొడి తనంతట తానే కదులుతోంది. నిండా పురుగు. నేనూ ఆయనా చాలాసేపు చూశాం. పురుగుని అంత గౌరవంగా ఎవరూ చూసి ఉండరు. తరువాత కిరసనాయిలు చెట్టుది తెరిచారు. పొడి పొడిగానే ఉంది. ఆయన పుల్లతో అడుగు దాకా కెలికారు. భూతద్దం పెట్టి చూశారు. ఒక్కటీ లేదు. వాసన చూసి, "కిరసనాయిలు" అన్నారు. అని, ఇద్దరికీ టీ తెప్పించారు.

ఆ రాత్రే ఉత్తరం రాద్దామనుకున్నాను గాని లద్దె పురుగులు ఏమంటాయో తెలిశాక రాద్దామని ఆగాను. ఈసారి అవి చావడానికి సిద్ధపడలేదు. ఇష్టం లేని పెళ్ళిలో భోజనానికి కూర్చున్నట్టు కొంత తిని, చాలావరకు వదిలేశాయి. మొదటిసారి ఫలితం ముందు ఇది చాలా తక్కువ. బెంగుళూరులో ఎవరూ చప్పట్లు కొట్టరు. కానీ ఇందులో మన దొడ్డి లేదు. ఉన్నదంతా ఆ చెట్టుదే.

ప్రాజెక్టుని మూడేళ్ళు కాదు, ఆరు నెలలు పొడిగించమని ఆయన ఢిల్లీకి అడిగారు. ఈ ఉత్తరం టైపిస్టే కొట్టింది. ఆరు నెలల్లో చెయ్యాల్సిన పని ఒకటే. పూత మీద గుడ్డసంచులు కట్టి, లోపల తేనెమంచు పురుగుల్ని వదిలి, అవి ఆ చెట్టుని ఏం చేస్తాయో, ఆ చెట్టు వాటిని ఏం చేస్తుందో దగ్గరుండి చూడాలి. పొడిని దంచి పంపవచ్చు, పూతని పంపలేం. పాత పంచెలు ఉంటే దాచిపెట్టు, సంచులకి కావాలి. బావగారికి చెప్పు, కుర్చీ అక్కడే ఉండనివ్వమని. సాయంత్రాలు చీకటిపడ్డాక కొట్లో బస్తా మీద కూర్చుంటాను. ఎవరైనా పులుపు గురించి అడిగితే లోపలికి వెళ్ళిపోతాను.

ఇంకొక్క సంగతి. ఆ రోజు రెండో డబ్బా మూత తీసినప్పుడు నారాయణరావు గారు పురుగు కోసం చూశారు. నేను వాసన కోసం చూశాను. నువ్వు మాట నిలబెట్టుకున్నావు. ఇన్నేళ్ళలో మొదటిసారి, నువ్వు పంపిన డబ్బాలోంచి మన ఇంటి వాసన రాలేదు.

అందుకని నేనే వస్తున్నాను.

భాను.